శుభం పడ్డాక

మెషిన్ రూములో నా కుడిచేతి పక్కన గోడకు ఒక బొత్తాం ఉండేది. సినిమా అయిపోవస్తుండగా దాన్ని నొక్కితే కింద గేటు దగ్గర గంట మోగేది. గేటుకీపరు తలుపుల గడియలు తీసేవాడు. తెర మీద శుభం పడేసరికి తలుపులు బార్లా తెరిచి ఉండాలి, హాల్లో లైట్లు వెలగాలి, నేను తెర మీది వెలుతురు ఆపెయ్యాలి. మూడూ ఒక్కసారే జరగాలి. రాయచూరులో ఒకే హాల్లో ముప్పై నాలుగేళ్లు ఆపరేటరుగా చేశాను. ఆ మూడింటినీ ఒక్క క్షణంలో జరిపించడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని నాకు నేనే చెప్పుకుని తిరిగేవాణ్ణి. ఇప్పుడు మీకు చెప్పబోయేది ఆ గంట వల్ల నేను చేసిన పాపం గురించి.

ఇది చదివే మీరంతా ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు. రీళ్ల కథలు చెప్పి మిమ్మల్ని విసిగించను, భయపడకండి. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. మా కాలం సినిమాల్లో పేర్లన్నీ ముందే పడేవి. నటులు, సంగీతం, కెమెరా, దర్శకుడు, అంతా మొదట్లోనే. చివర శుభం ఒక్కటే. శుభం తర్వాత చూడాల్సింది ఏమీ ఉండదన్నది మా ఒంట్లో ఇంకిపోయిన సంగతి. తర్వాత రోజులు మారి పేర్లు చివరికి పోయాయి. నల్లటి తెర మీద చీమల బారులాగా పేర్లు పైకి పాకుతుంటే మా ఊళ్లో ఎవరు కూర్చుంటారు? చెప్పులు వెతుక్కుంటుంటారు. హాలు యజమానిని మేమంతా సావుకారు అనేవాళ్లం. ఆయన ఒకే మాట చెప్పాడు. "పేర్లు షురూ అయితే బంద్ చెయ్. ఊడ్వాలె, స్టాండుల బండ్లు బయటికి పోవాలె, ఇంకో ఆటకు జనం నిలవడ్డరు." నాకూ అదే నచ్చింది. కొత్త కంప్యూటరు మిషను వచ్చి నా చేతిలోని పనులన్నీ ఒక్కటొక్కటిగా లాక్కుంది. సినిమా ఆపడం ఒక్కటీ నేను దానికి ఇవ్వలేదు. గంటా, లైట్లూ, ఆపడమూ నా చేత్తోనే చేసేవాణ్ణి.

నాకు ఇంకో పేరు కూడా ఉండేది. వన్స్ మోర్ ఆపరేటర్. రీళ్ల రోజుల్లో పాట బాగుంటే జనం కుర్చీలు చరిచి "వన్స్ మోర్" అని అరిచేవాళ్లు. వేరే హాళ్లలో ఆపరేటర్లు పట్టించుకునేవాళ్లు కాదు. నేను రీలు వెనక్కి చుట్టి మళ్లీ వేసేవాణ్ణి. ఒకసారి ఒక పాట నాలుగుసార్లు వేశాను, సావుకారు పైకి వచ్చి దాదాపు కొట్టినంత పని చేశాడు. ఆ అలవాటు నాకు సినిమాల నుంచి రాలేదు, నాటకాల నుంచి వచ్చింది. ఇంకా చెప్పాలంటే ఒక్క మనిషి నుంచి వచ్చింది.

ఆయన్ను నేను మామా అనేవాణ్ణి. బంధుత్వం ఏమీ లేదు. మా గల్లీకి పక్క గల్లీ, అంతే. పగలు రైసు మిల్లులో గుమాస్తా. జాతరల రోజుల్లో రంగు పూసుకుని స్టేజి ఎక్కేవాడు. ఆయన కంపెనీ ఆడిన నాటకాన్ని మా వైపు అందరూ పుట్టి నాటకం అనేవాళ్లు. పుట్టి అంటే నది దాటడానికి వాడే గుండ్రటి బుట్ట పడవ. కథ చిన్నదే. యుద్ధంలో ఓడి పారిపోతున్న రాజు వరదలో కృష్ణ దాటించమని పుట్టివాణ్ణి అడుగుతాడు. నది మధ్యకు వచ్చాక, ఈ పుట్టివాడి కొడుకు తన యుద్ధంలోనే చచ్చిపోయాడని రాజుకు తెలుస్తుంది. వీడు నన్ను ముంచేస్తాడని భయపడి నీళ్లలోకి దూకబోతాడు. అప్పుడు పుట్టివాడు పద్యం ఎత్తుకుంటాడు. "దిగబోకు దొరా, దరి యింక రాలేదు" అని దాని ఆఖరి పాదం.

జాలహళ్ళి జాతరలో నేను మొదటిసారి విన్నాను. అప్పటికి నాకు మీసాలు సరిగా రాలేదు. "రాలేదు" అన్నదాంట్లో "రా" పట్టుకుని మామ రాగం తీస్తే, మనిషి లేచి బయటికి పోయి, చాయ్ తాగి, బీడీ కాల్చి తిరిగి వచ్చినా "లేదు" ఇంకా వచ్చేది కాదు. అట్లాగని ఎవరూ లేచేవాళ్లు కాదు. అయిపోగానే వన్స్ మోర్, వన్స్ మోర్ అని ఒకటే గోల. చచ్చి పడిపోయిన పాత్రలు కూడా లేచి కూర్చుని వినేవి. ఆ రోజు మూడుసార్లు పాడించారు. నేను హాల్లో పాటలు మళ్లీ మళ్లీ వెయ్యడం మొదలుపెట్టాక మామ ఒకసారి పైకి వచ్చి చూసి నవ్వాడు.

"నాకైతె వన్స్ మోర్ అంటె గొంతు పోతది. నీకు చక్రం తిప్పితె అయిపోతది. మంచి నౌకరి పట్టినవ్ అల్లుడా!"

కొన్నాళ్లకు నాటకాల కంపెనీ విరిగిపోయింది. హార్మోనియం వాయించే ఆయన చనిపోయాడు. ఆ తర్వాత మామ రాగం తీయడం పూర్తిగా మానేశాడు. పెళ్లిళ్లలో, భజనల్లో ఎంత బతిమాలినా పాడేవాడు కాదు. "శ్రుతి వెట్టేటోడు పోయిండు. ఒక్కన్ని ఎట్ల పాడాలె?" అనేవాడు. ఆయన గొంతును ఎవరూ ఎప్పుడూ టేపులో పట్టలేదు. విన్నవాళ్ల చెవుల్లో ఉన్నదే ఉన్నట్టు.

అట్లాంటి మనిషి ఒకరోజు మిల్లు నుంచి నేరుగా హాలుకు వచ్చాడు. మ్యాట్నీ నడుస్తోంది. మెట్లెక్కి ఆయాసపడుతూ నిలబడ్డాడు.

"అల్లుడా, పుట్టి నాటకం సినిమ తీస్తున్నరంట. ఇద్దరు వచ్చిండ్రు. ఒక పిల్ల, ఒక పిలగాడు. పొద్దుగాల్నె దేవసూగూరుకు తోల్కపోయిండ్రు. నది గట్టు మీద కూసోబెట్టి పద్యం పాడమన్నరు."

"పాడినవా?"

"శ్రుతి లేదమ్మా, ఎట్ల పాడాలె అన్న. ఆ పిల్ల ఏమన్నది తెల్సా? నది చప్పుడే శ్రుతి అనుకో తాతా, అన్నది." మామ భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "పాడిన అల్లుడా. రాగం గూడ తీసిన. సినిమల నా గొంతు ఉంటదంట."

ఆ తర్వాత ఏడాది పాటు మామ మనిషి మారిపోయాడు. మంగలి షాపులో చెప్పాడు, కూరగాయల మార్కెట్లో చెప్పాడు, టీ హోటల్లో రోజూ చెప్పాడు. జనం ఆటపట్టించారు కూడా. "ఏం మామా, హీరోయిన్ ఎవరు నీకు?" అంటే మామ సిగ్గుపడేవాడు. ఆయన కూతురు ఒక్కతే విసుక్కునేది. "వచ్చినంక చూద్దాం తియ్ నాయనా, ముందుగాల్నె ఊరంత దండోర వెయ్యకు" అనేది.

సినిమా వచ్చింది. ఊళ్లో మా హాల్లోనే వేశారు. విడుదలకు ముందు రోజు మేము హాలు ఖాళీగా పెట్టి ఒకసారి నడిపి చూసుకుంటాం, బొమ్మ సరిగా ఉందా, చప్పుడు సరిగా ఉందా అని. ఆ రోజు నేను చప్పుడు కోసం కాదు, మామ గొంతు కోసం విన్నాను. నది సీను వచ్చింది. వాన, వరద, పుట్టి గిరగిరా తిరుగుతోంది. పద్యం మొదలైంది. ఎవరో పడుచు గొంతు. వెనకాల వంద వయొలిన్లు. "దరి యింక రాలేదు" అని టక్కున తెంపేసి మెరుపు చూపించారు. రాగం లేదు. మామ గొంతు ఎక్కడా లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ముసలాయన్ను పొద్దున్నే లేపి నది గట్టుకు తీసుకుపోయి, పాడించుకుని, మోసం చేశారు అనుకున్నాను. ఆ కోపంలోనే చివరి దాకా చూశాను. అంటే, పేర్లు మొదలయ్యేదాకా చూశాను. పేర్లు మొదలవగానే చెయ్యి దానంతట అదే పోయింది, ఆపేశాను. ముప్పై నాలుగేళ్లలో ఏ సినిమానైనా అంతవరకే చూశాను మరి. తప్పు చేసినవాళ్లు ఎవరో నాకు అప్పటికే తెలిసిపోయింది కాబట్టి ఇంకెక్కడా వెతకలేదు.

ఆ సాయంత్రమే మామ ఇంటికి పోయి చెప్పి ఉండాల్సింది. పోలేదు. ఆయన ముఖం చూడలేక, ఆయనే చూసుకుంటాడులే అని ఊరుకున్నాను.

మరునాడు మ్యాట్నీకి మామ వచ్చాడు. ఒక్కడు కాదు, గల్లీ గల్లీనే వెంట తెచ్చుకున్నాడు. ఉతికిన తెల్ల పంచె, భుజం మీద ఎప్పుడో ఏదో జాతరలో కప్పిన శాలువ. కూతురు కూడా పట్టుచీర కట్టుకుని వచ్చింది. మా గేటుకీపరు నాతోపాటే ఆ హాల్లో చేరినవాడు, నన్ను భాయ్ అంటాడు, మామను చాచా అంటాడు. "ఆవో చాచా, ఆజ్ తుమే హీరో!" అని చెయ్యి పట్టి తీసుకుపోయి బాల్కనీ ముందు వరసలో కూర్చోబెట్టాడు. మెషిన్ రూము కంత లోంచి నాకు మామ తల వెనక భాగం, శాలువ అంచు కనిపిస్తున్నాయి.

నది సీను వచ్చినప్పుడు ఆ వరసలో వాళ్లందరూ మామ వైపు తిరిగారు. పద్యం అయిపోయింది. మామ చెయ్యి పైకెత్తి ఊపాడు. ఏం అన్నాడో నాకు వినపడలేదు. గేటుకీపరు తర్వాత చెప్పాడు. "ఇంక ఉన్నది, ఇంక ఉన్నది" అన్నాడట. రాజు ఒడ్డుకు చేరాడు, మామ అదే మాట అన్నాడు. పుట్టివాడు ఒక్కడే వరదలోకి తిరిగి పోయాడు, అప్పుడూ అదే మాట. తెర నల్లబడింది. జనం లేవబోతుంటే మామ రెండు చేతులూ చాచి ఆపాడు. "కూసోండ్రి. ఇంక ఉన్నది."

నేను గంట నొక్కాను. తలుపులు తెరుచుకున్నాయి. లైట్లు వెలిగాయి. తెర తెల్లగా అయిపోయింది. మూడూ ఒక్కసారే.

"ఖతం హోగయా చాచా, ఉఠో" అని గేటుకీపరు లేపేదాకా మామ లేవలేదట.

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి ఎక్కుతున్నాడు. వెనకాల గల్లీ వాళ్లు నలుగురు, కూతురు. మామ తలుపు దగ్గర నిలబడి లోపలికి రాకుండానే అడిగాడు.

"అల్లుడా, ఇక్కడ ఏమన్న కట్ జేసినరా?"

ఆయన నిదానంగానే అడిగాడు. ఆశతో అడిగాడు. కానీ ఆపరేటరును ఆ మాట అడగడమంటే ఏమిటో మీకు తెలుసు. పరాయి ఊళ్ల హాళ్లలో టైము కలిసి రావడానికి పాటలు, సీన్లు కోసేసే ఆపరేటర్లు ఉండేవాళ్లు. నేను వాళ్లలాంటివాణ్ణి కాదని నా గర్వం. వన్స్ మోర్ ఆపరేటర్ను! అందులోనూ నలుగురి ముందు అడిగాడు. నోరు జారాను.

"కట్ జేసుడా? నా సర్వీసుల ఒక్క అడుగు ఫిల్ము కోసినోన్ని గాదు నేను. మాట్లాడే ముందు జర చూసి మాట్లాడు మామా. నీ గొంతు లేదు అండ్ల. నిన్ననే చూసిన. మొత్తం చూసిన. సూగూరేశ్వరుని మీద ఒట్టు!"

సూగూరేశ్వరుడంటే దేవసూగూరు దేవుడు, అక్కడి జాతరలో ఏటా మామ పద్యం పాడింది ఆ దేవుడి ముందే. మామ కొంచెంసేపు నా వైపు చూశాడు.

"అట్లంటవా. నువ్వు అంటె అంతె. లేనట్టె."

శాలువ తీసి మడిచి చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగాడు. కూతురు వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆమె కళ్లలో కోపం లేదు. నాయన మాట ఉత్తదేనని మొత్తానికి తేలిపోయిందిలే అన్నట్టు చూసింది. అది ఇంకా అన్యాయం.

ఆ వారం ఊరు మామను ఎట్లా చేసిందో చెప్పాలంటే నాకు ఇప్పటికీ మనసొప్పదు. శాలువ మామ అన్నారు. సినిమా మామ అన్నారు. టీ హోటల్లో ఎవరో ఒక పాట పెట్టి "ఇదేనా మామా నీ గొంతు?" అని ఆడగొంతు వినిపించి నవ్వారట. వెంట వచ్చి ముందు వరసలో కూర్చున్నవాళ్లే ఎక్కువ నవ్వారు, వాళ్లు కూడా నమ్మి వచ్చారు కదా, ఆ ఉక్రోషం. మామ నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. ఐదో రోజు టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాడు. మా గేటుకీపరు అక్కడే ఉన్నాడు. నాకు వచ్చి చెప్పినవాడు వాడే.

"చాచా ఏమన్నడొ ఎర్కనా భాయ్? 'అవునయ్యా, అబద్ధమె చెప్పిన. ఎవ్వరు రాలె, ఎవ్వరు పాడిపిచ్చుకోలె. ముసలోనికి జర పేరు గావాలనిపిచ్చింది. అయిపాయె గద, ఇగ ఇడ్సిపెట్టుండ్రి' అన్నడు. చాయ్ సగంల ఇడ్సి ఎల్లిపోయిండు."

నిజం చెప్తున్నాను, ఆ మాట విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఓహో, మామే కల్పించుకున్నాడన్నమాట, నా ఒట్టు నిలబడింది అనుకున్నాను. చెయ్యని తప్పును ఒక మనిషి నెత్తిన వేసుకుంటే నాకు హాయిగా అనిపించింది. ఆ హాయిని ఇప్పుడు తలుచుకుంటే అసహ్యం వేస్తుంది.

ఇంతటితో అయిపోతే నేను తెలియక చేసినవాణ్ణే. తెలియక చేసినవాణ్ణని చెప్పుకుని ఎంతోమంది బతికేస్తారు. నాకు ఆ అవకాశం కూడా లేదు.

రెండో వారంలో ఒక మ్యాట్నీ నాడు, సరిగ్గా సినిమా అయిపోయే వేళకు మా ఆవిడ ఫోను చేసింది. గ్యాసు సిలిండరు వచ్చింది, పుస్తకం ఎక్కడ పెట్టావు అని. మెషిన్ రూములోని స్పీకరు చప్పుడు తగ్గించి, గోడ వైపు తిరిగి మాట్లాడుతుంటే పేర్లు ఒకటి రెండు నిమిషాలు నడిచిపోయాయి. చూసుకుని ఉలిక్కిపడి ఆపేశాను. కింద నుంచి గేటుకీపరు పైకి వచ్చాడు. చేతిలో టార్చిలైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

"భాయ్, పేర్లు పడ్తుంటె ఆఖర్ల ఎవరిదో ఆవాజ్ వచ్చింది. ముసలాయనది. బాజా గీజా ఏం లేదు, ఉత్త గొంతు. నాకైతె చాచా ఆవాజ్ లెక్క కొట్టింది."

"నీకు చెవులు పోయినయ్."

"చెవులు పోతె పోనీ. ఒక్కపారి ఆఖరిదాంక నడిపి సూడు భాయ్. నడిపితె ఏం పోతది?"

"రేపు చూద్దాంలే," అన్నాను.

మరునాడే ఆ సినిమాకు మా హాల్లో ఆఖరి రోజు. ఆ రోజు నాలుగు ఆటలు నడిపాను. ఏ ఆటలోనూ చూడలేదు. చూడకపోవడం మాత్రమే కాదు, ఆ రోజు నా చెయ్యి మామూలు కన్నా ముందే గంట మీదికి పోయింది. ఎందుకంటే గొంతు అక్కడ ఉంటే నేను మెట్లు దిగాలి. టీ హోటలుకు పోయి అందరి ముందు నిలబడాలి. దేవుడి మీద వేసిన ఒట్టు మింగాలి. అదంతా ఎందుకు వచ్చిన తంటా అనుకున్నాను. సినిమా వెళ్లిపోయింది. గేటుకీపరు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కానీ ఆ తర్వాత చాయ్ తాగుదాం రమ్మని పైకి కేక వెయ్యడం కూడా మానేశాడు.

నేను రిటైరయ్యాను. ఇంకొన్నాళ్లకు హాలు మూతపడింది. ఇప్పుడు అక్కడ వడ్ల బస్తాలు పెడుతున్నారు. అటువైపు పోతే తలుపు తెరిచి ఉన్నప్పుడు తెర గోడ కనిపిస్తుంది, సగం దాకా బస్తాలు.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం మా ఆవిడ అన్నం తిని టీవీ ముందు కూర్చుంది. ఇప్పటి టీవీలు మీకు తెలుసు, ఏ సినిమా కావాలంటే అది వస్తుంది. ఆ పుట్టి సినిమానే పెట్టుకుంది. నేను బయట వేపచెట్టు కింద మంచం మీద పేపరు చదువుతున్నాను. సినిమా అయిపోయే ముందే ఆమెకు కునుకు పట్టింది. పేర్లు మొదలయ్యాయి. ఆపేవాళ్లు లేరు.

పేర్లకు ఒక బాజా వచ్చింది, అదీ ఆగింది. తర్వాత నీళ్ల చప్పుడు. దాని మీద ఒక ముసలి గొంతు లేచింది.

పేపరు ఎక్కడ పడేశానో గుర్తు లేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. "దిగబోకు దొరా." మా ఆవిడ కళ్లు తెరిచింది. "ఏమయ్యా, మామ గదా పాడేది?" అంది. ఆమె ఒక్క ముక్కలో గుర్తుపట్టింది. "రా" దగ్గర మామ రాగం అందుకున్నాడు. సన్నగా అయిపోయింది గొంతు, అక్కడక్కడ వణికింది, అయినా వదల్లేదు. నల్లటి తెర మీద లైటు బాయ్‌ల పేర్లు, డ్రైవర్ల పేర్లు, వంటవాళ్ల పేర్లు పైకి పోతూనే ఉన్నాయి. అన్నింటి తర్వాత, గొంతు ఆగాక, ఒక్క వాక్యం వచ్చి నిలిచింది. ఈ పద్యాన్ని నలభై ఏళ్లు పాడిన రాయచూరు కళాకారుడి గొంతు ఇది అని, కింద మామ పేరు. ఇంటి పేరుతో సహా.

ప్రతి ఆటలోనూ అది అక్కడే ఉంది. రెండు వారాలు, రోజుకు నాలుగు ఆటలు. మామ చేతులు చాచి జనాన్ని కూర్చోబెట్టిన ఆ మ్యాట్నీలో కూడా. ఇంకో రెండు నిమిషాలు నా చెయ్యి ఊరుకుని ఉంటే చాలు.

మా ఆవిడ ఫోనులో ఆ ముక్క పెట్టించుకుని మరునాడు పొద్దున మామ ఇంటికి పోయాను. నిజం చెప్పెయ్యాలనే పోయాను, ఆ మాట మాత్రం నమ్మండి. మామకు ఇప్పుడు చూపు దాదాపు లేదు. గొంతును బట్టి గుర్తుపట్టి "ఏం అల్లుడా, తొవ్వ మర్సినవా?" అన్నాడు. కూతురు చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. నేను ఫోను ఆయన చెవి దగ్గర పెట్టాను.

మామ కదల్లేదు. సగం అయ్యాక వేలు ఎత్తాడు. "విన్నవా? అటుదిక్కు బట్టలు ఉతుకుతున్నరు. ఇది దేవసూగూరు గట్టె." రాగం అయిపోయాక, "శ్రుతి జర దిగింది," అన్నాడు. ఆ తర్వాత ఫోను మీద చెయ్యి వేసి తడిమాడు.

"ఏడిది అల్లుడా ఇది?"

"సినిమలదె మామా. ఆఖర్ల, పేర్లు పడేటప్పుడు వస్తది. నీ పేరు గూడ వేసిండ్రు."

"సినిమలదా?" ఆయన నా చేతి కోసం తడుముకుని పట్టుకున్నాడు. "నువ్వె నడిపితివి గద. అప్పుడు లేకుండెనా?"

కూతురు చాయ్ గ్లాసులతో గుమ్మంలో వచ్చి నిలబడింది. మామ నా ముఖం వైపే తిరిగి ఉన్నాడు, కనపడకపోయినా. అదే చెయ్యి ఆయన చేతిలో ఉంది, గంట నొక్కిన చెయ్యి.

"లేకుండె మామా," అన్నాను. "టీవీకి ఇచ్చేటప్పుడు కలిపినట్టున్నరు."

"మంచి పిల్ల," అన్నాడు మామ. "యాది మరువలె. సల్లగుండాలె." అని ఆ సినిమా పిల్లకు చేతులెత్తి దండం పెట్టాడు. తర్వాత నవ్వాడు, పళ్లు లేని నవ్వు. "ఏయ్ ఆపరేటర్! వన్స్ మోర్."

వేశాను. కూతురు గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని విన్నది. మళ్లీ వన్స్ మోర్ అన్నాడు, మళ్లీ వేశాను. చాయ్ చల్లారిపోయింది. లేచి వస్తుంటే మామ వెనక నుంచి పిలిచాడు.

"అల్లుడా, నేను అబద్ధం చెప్పిన అని అందరి ముంగట ఒప్పుకుంటి గద. ఇప్పుడు అదెట్ల వాపసు తీసుకోవాలె? ఆ హోటల్ల కూసున్నోల్లు సగం మంది పోయిరి."

నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకున్నానని ఇంటి దగ్గర మా ఆవిడ చెప్పేదాకా తెలియలేదు.

ఉద్యోగంలో మరిచిపోలేని సంగతి ఒకటి మీ సంచికకు రాయమని అడిగారు. వన్స్ మోర్ రోజుల గురించి రాస్తానని మీరు ఎదురుచూసి ఉంటారు. అది రాయడానికే కూర్చున్నాను కూడా. చెయ్యి పోలేదు. గంట నొక్కడానికి అంత తొందరపడిన చెయ్యి, ఈ మాటలు రాయడానికి నెల రోజులు తీసుకుంది. మీలో ఎవరైనా హాళ్లలో ఉంటే పేర్లను పోనివ్వండి. సావుకార్లు తిడితే తిట్టించుకోండి. నేను తిట్లు తప్పించుకున్నాను, ఏం బాగుపడ్డాను?

మామ ఇంకా ఉన్నాడు. సాయంత్రం పూట ఆయన కూతురు పేపరు, పుస్తకాలు చదివి వినిపిస్తుంది. ఇది అచ్చయితే ఆ ఇంటికి చేరుతుంది, నేనే చేరుస్తాను. ఎదురుగా కూర్చుని చెప్పే మొహం నాకు లేదు. అమ్మా, నువ్వు చదివేటప్పుడు మీ నాయన ఇంక చాలు తియ్ అన్నా ఆపకు, ఆఖరిదాకా చదువు. మామా, నువ్వు అబద్ధం చెప్పలేదు. నీ గొంతు మొదటి ఆట నుంచే ఉంది. ఆపింది నేను.